చర్చి వాళ్ళు నడిపే మందు మాన్పించే హోమ్: మా తమ్ముణ్ణి చేర్పించాక నా అభిప్రాయం

ఇంట్లో తాగుడు మానలేని మనిషి ఉండి, ఎక్కడ చేర్పించాలో తెలియక తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. గుంటూరు జిల్లాలో తెనాలి వైపు ఒక సంఘం వాళ్ళు నడిపే మగవాళ్ళ హోమ్ గురించి. పేరు రాయను, ఎందుకంటే అది చిన్న ఊరు, లోపల ఉన్నవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల వాళ్ళే, పేరు రాస్తే ఎవరి ఇంటి మనిషి ఎక్కడున్నాడో అందరికీ తెలిసిపోతుంది. ముందే చెప్పేస్తున్నా, నేను మంచిదనే చెప్తాను. అయితే లోపల ఉన్న మూడు నెలలు చూసి చెప్తున్న మాట కాదు ఇది, వాడు ఇంటికొచ్చిన తర్వాత ఆ మనుషులు చేసింది చూసి చెప్తున్నది. ఏ హోమ్‌కి వెళ్ళినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: "ఇంటికి పంపించాక మీరేం చేస్తారు?"

మా తమ్ముడు టైల్స్ మేస్త్రి. పని బాగా వచ్చు, చేతిలో ఎప్పుడూ పని ఉంటుంది, శనివారం బట్వాడా అందుకున్నాడంటే మాత్రం ఆదివారం ఆరాధనకి రాడు. ఏటా ఈస్టరుకి ముందు శ్రమల కాలం వచ్చిందంటే నలభై రోజులూ చుక్క ముట్టేవాడు కాదు, అది చూసి మా అమ్మ "వాడికి మనసుంటే మానగలడమ్మా" అనేది, ఈస్టరు దాటాక మళ్ళీ మామూలే. పోనుపోను ఆ నలభై రోజులు కాస్తా పది రోజులకు దిగాయి, చివరికి పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ తాపీ పట్టుకోలేనంతగా చేతులు వణికేవి. ఆ స్థితికి వచ్చాక అది మనసుకి సంబంధించిన విషయం ఒక్కటే కాదు, ఒంటికి సంబంధించినది కూడా. ఈ ముక్క మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

చెప్పకపోవడం వల్ల ఏమైందో కూడా రాయాలి. ఈ హోమ్ కంటే ముందు ఒక ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళాం. అక్కడ ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి, మందుతో పాటు డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా ఆపేయమన్నారు, మాత్ర మింగితే విశ్వాసం లేనట్టేనట. మర్నాడు రాత్రి వాడికి ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకున్నాడు, నోట్లోంచి రక్తం, మా మరదలు ఒక్కతే పక్కన ఉంది. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే చివరి గుక్క పడిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఇలా ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి తప్పి లేనివి కనిపించడం, ఒళ్ళు కాలిపోవడం, గుండె దడ కూడా రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దీనికి ఆసుపత్రిలో మందులున్నాయి. దయచేసి ఎవరి మాట వినీ ఇంట్లో గానీ మందిరంలో గానీ ఒక్కసారిగా ఆపించకండి. ప్రార్థన చెయ్యండి, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెయ్యండి.

ఆ తర్వాత చేర్పించిన ఇంకో సెంటరు సంగతి ఒక్క మాటలో చెప్తాను. రాత్రి పూట వ్యాన్ పంపించి, నిద్రలో ఉన్న మనిషిని చేతులు కట్టి తీసుకెళ్ళారు, తాళం వేశారు, కొట్టారు. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఇంటివాళ్ళు విసిగిపోయి ఉంటారు కాబట్టి నోరు మూసుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మందు, మత్తుపదార్థాల వ్యసనం కూడా వస్తుంది, మనిషిని గొలుసులతో కట్టెయ్యడం ఆ చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం, ఇలాంటి సెంటర్లు రిజిస్టరు చేయించుకోవాలి. చేర్పించే ముందు ఆ కాగితం చూపించమని అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకుంటే ఆ గుమ్మం దిగి వచ్చెయ్యండి.

ఇప్పుడు అసలు హోమ్. మేం వెళ్ళగానే పాస్టర్ గారు బైబిలు తియ్యలేదు, ఆసుపత్రి చీటీలు అడిగారు. ఫిట్స్ వచ్చిన సంగతి చెప్పగానే "ముందు ఆసుపత్రమ్మా, అక్కడ వణుకు తగ్గి, డాక్టరు గారు సరే అన్నాకే మా దగ్గరికి తీసుకురండి, మంచం ఖాళీగా ఉంచుతాను" అన్నారు. అన్నట్టే ఉంచారు. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో వాడికి వణుకు తగ్గే మందులు క్రమంగా తగ్గిస్తూ ఇచ్చారు, సెలైన్‌తో పాటు బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. తాగేవాళ్ళ ఒంట్లో ఆ విటమిన్ అడుగంటి ఉంటుందట, అది లేకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చని నర్సమ్మ గారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. తర్వాత తాగాలన్న యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ రాశారు. ఆ మాత్రలు హోమ్‌లో రోజూ టిఫిన్ తర్వాత ఒక బ్రదర్ నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి వేయించేవాడు.

సంఘంలో ఒకరిద్దరు పెద్దవాళ్ళు "ప్రభువు బాగుచేస్తుంటే ఇంకా మాత్రలెందుకు" అని నా ముందే అన్నారు. పాస్టర్ గారు అక్కడే సమాధానం చెప్పారు, లూకా సువార్త రాసినాయన వైద్యుడు, పౌలు ఆయన్ని వెంటబెట్టుకునే తిరిగాడు అని. గుంటూరు ప్రాంతంలో ఈ మాట ఇంకొకరు చెప్పాల్సిన అవసరం కూడా లేదనుకుంటా, 1883లో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడ ఆడవాళ్ళకి వైద్యం చేసి ఆసుపత్రి నిలబెట్టింది, ఆ పేరుతో ఆసుపత్రి గుంటూరులో ఇప్పటికీ అందరికీ తెలుసు. దేవుని వాక్యం, వైద్యం ఈ నేల మీద పక్కపక్కనే నడిచాయి. వాటిని విడదీసే బోధకుల దగ్గరికి మీ మనిషిని తీసుకెళ్ళకండి.

ఇంకో విషయం, కూరలో కలిపి పెడితే మందు మానేస్తారని పొడులు, మాత్రలు అమ్ముతుంటారు చూడండి, హోమ్‌లో మొదటి రోజే వాటి గురించి హెచ్చరించారు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషికి తెలిసి, డాక్టరు చూస్తూ వాడాల్సిన మందు అది. తెలియకుండా పెడితే, వాడు మామూలుగా వెళ్ళి తాగితే, హత్య చేసినంత పని అవుతుంది.

లోపలి సంగతులు త్వరగా చెప్తాను. పొద్దున 5 గంటలకు లేవాలి, పాటలు, వాక్యం, తర్వాత పని. కూరగాయల మడులు, గేదెలు, వంట, ఎవరి వంతు వాళ్ళది. ఫోన్లు లోపలికి రానివ్వరు, ఆదివారం మధ్యాహ్నం ఇంటికి మాట్లాడనిస్తారు. సబ్బు, పేస్టు చూసే లోపలికి పంపిస్తారు, సెంటు, షేవింగ్ తర్వాత రాసుకునే లోషన్, మౌత్‌వాష్, దగ్గు టానిక్ వెనక్కి ఇచ్చేస్తారు, వాటిలో ఆల్కహాల్ ఉండొచ్చు కాబట్టి. భోజనం మామూలుగా ఉంటుంది, పప్పు ఎక్కువ, ఆదివారం కోడికూర. స్నానాల గదులు తక్కువ, పొద్దున్నే గొడవలు అవుతుంటాయి. మంచాలు దగ్గర దగ్గరగా వేశారు, వేసవిలో ఉక్కపోత. ఇవన్నీ భరించగలిగినవే.

అక్కడ నేను కళ్ళారా చూసి మర్చిపోలేనిది ప్రభువు బల్ల, అంటే యేసుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. నెల మొదటి ఆదివారం ఇంటివాళ్ళని కూడా రానిస్తారు. వంటింట్లో ఒక పెద్దాయన ముందు రోజు రాత్రి నానబెట్టిన నల్ల కిస్‌మిస్‌ని ఆ నీళ్ళతోనే మరిగించి, చేత్తో పిసికి, తెల్లగుడ్డలో వడకట్టి చిన్న చిన్న గ్లాసుల్లో పోస్తున్నాడు. బజారులో కొన్న సీసా వాడరు. ఆయన కూడా ఒకప్పుడు అక్కడ చేరినవాడేనట. పులిసిన వాసన ముక్కుకి తగిలినా కొందరికి ఆ సాయంత్రం కష్టమవుతుంది, అందుకని రసం పోసేముందు ఆయన గిన్నె దగ్గరికి వంగి రెండుసార్లు వాసన చూశాడు. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ళ డాక్టరు, మెథడిస్టు విశ్వాసి, తన చర్చి బల్ల కోసమే ద్రాక్షరసం పులవకుండా నిల్వచేసే పద్ధతి కనిపెట్టాడు, అంటే బలహీనంగా ఉన్న సహోదరుడి గురించి ఆలోచించి బల్ల సిద్ధం చెయ్యడం కొత్తేమీ కాదు. అయినా మన సంఘాల్లో ఎంతమంది ఇలా ఆలోచిస్తున్నారు? మీ చర్చిలో పులిసిన ద్రాక్షారసమే ఇస్తుంటే, మానేసిన మనిషి బల్ల దగ్గరికి రాకుండా వెనక బెంచీలోనే ఎందుకు కూర్చున్నాడో ఒకసారి అడగండి.

మతం గురించి అడుగుతారని తెలుసు. మా వాడితో పాటు హిందువులు ఉన్నారు, ఒక ముస్లిం అబ్బాయి ఉన్నాడు. పొద్దున ప్రార్థనకి అందరూ కూర్చోవాలి, ఆ నియమం ఉంది, అది చేర్చుకునేటప్పుడే చెప్తారు. బాప్తిస్మం మాట నేను ఉన్నప్పుడు ఎవరూ ఎత్తలేదు, ఆ ముస్లిం అబ్బాయి నమాజు చేసుకుంటానంటే వరండాలో చాప వేసిచ్చారు. శుక్రవారం సాయంత్రం బయటి నుంచి ఏఏ వాళ్ళు వచ్చి మీటింగ్ పెడతారు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ అనే ఇద్దరు తాగుడుకి బానిసలైన మనుషులు కలిసి మొదలుపెట్టింది. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలోంచి పుట్టినా, అందులో ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు, ఫీజు ఉండదు. క్రైస్తవులు కానివాళ్ళకి ఇంటికెళ్ళాక చర్చి కంటే అదే వీలుగా ఉంటుంది. ఈ హోమ్ వాళ్ళు దాన్ని పోటీగా చూడకపోవడం నాకు చాలా నచ్చింది.

ఇంటివాళ్ళ కూడిక గురించి మాత్రం వివరంగా రాయాలి. నెలకోసారి భార్యలు, అమ్మలు, అక్కచెల్లెళ్ళు ఒక గదిలో కూర్చుంటారు, పాస్టరమ్మ గారు నడిపిస్తారు, మగవాళ్ళు ఉండరు. మేం వెళ్ళిన మొదటిసారి బైబిల్లో తప్పిపోయిన కుమారుడి కథ చదివారు, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకుని తండ్రి విందు చేసి చేర్చుకునే కథ. అందరం తండ్రి గురించి, తిరిగొచ్చిన చిన్నకొడుకు గురించి మాట్లాడతారనుకున్నాం. ఆమె పెద్దకొడుకు దగ్గర ఆగారు. ఇంట్లో ఉండి, పొలం పని చేసి, తన విందుకి ఒక్క మేకపిల్ల కూడా దక్కనివాడు, తమ్ముడి కోసం విందు జరుగుతుంటే లోపలికి రానన్నవాడు. "ఇక్కడ మీరందరూ ఆ పెద్దకొడుకులే, ఆ కోపం తప్పు కాదు, తండ్రి వాణ్ణి తిట్టలేదు, తనే బయటికొచ్చి బతిమాలాడు" అన్నారు. మా మరదలు పెళ్ళయ్యాక అంతలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పుస్తెలు తాకట్టులో ఉన్నాయి, పాప ఫీజు కట్టాల్సిన డబ్బు వైన్స్‌లో పోయింది, అయినా అప్పటిదాకా అందరూ ఆమెకి చెప్పింది ఒక్కటే, క్షమించమ్మా, ప్రార్థన చెయ్యమ్మా అని. పాస్టరమ్మ గారు అలా అనలేదు. క్షమించడానికి తొందరపడొద్దు, ఇంటి డబ్బు నీ చేతిలోకి రానీ, నువ్వు రాత్రి నిద్రపోగలిగే రోజు రానీ అన్నారు. మా అమ్మకి కూడా గట్టిగానే చెప్పారు, బెల్టు షాపులో కొడుకు పెట్టిన అప్పు ఇకమీదట నువ్వు తీర్చొద్దని. అమ్మకి కోపం వచ్చింది. దారిలో బస్సులో మాతో మాట్లాడలేదు. కానీ తర్వాత తీర్చలేదు.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది సాక్ష్యం. మానేసి రెండు నెలలు కూడా నిండని వాళ్ళని స్టేజీ ఎక్కించి, మైకు ఇచ్చి, ఎలా తాగేవాణ్ణో ఎలా విడుదల పొందానో చెప్పమంటారు, ఫోన్లలో వీడియోలు తీస్తారు. జనం చప్పట్లు కొడతారు, అతనికీ బాగానే ఉంటుంది. కానీ అదే మనిషి నెల తర్వాత జారిపడితే, ఆ వీడియో చూసిన ఊరందరికీ మొహం చూపించలేక మళ్ళీ సంఘం వైపే రాడు. సాక్ష్యం చెప్పొద్దని నేను అనడం లేదు, మా వాడు కూడా చెప్పాడు, నా కడుపు నిండింది. కనీసం ఏడాది ఆగనివ్వండి, వీడియో మానెయ్యండి. ఈ మాట పాస్టర్ గారికి కూడా చెప్పాను, ఆలోచిస్తామన్నారు.

రెండోది, కౌన్సిలర్ వారానికి ఒక్కరోజే వస్తారు, అంతమందికి అది చాలదు. మూడోది ఆడవాళ్ళ సంగతి. తాగుడులో పడ్డ ఆడవాళ్ళు మన ఊళ్ళలో లేరనుకోవద్దు, కూలిపనికి వెళ్ళి ఒళ్ళు నొప్పులకి మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని పంపించే చోటు గురించి అడిగితే ఈ హోమ్ వాళ్ళ దగ్గర కూడా జవాబు లేదు.

ఇక బయటికొచ్చాక. పంపించే వారం ముందే పాస్టర్ గారు, మా సంఘంలోని ఇద్దరు, మా మరదలు, వాడు కూర్చుని ఒక కాగితం రాశారు. అందులో బైబిలు వాక్యాలేమీ లేవు. శనివారం సాయంత్రం 5 నుంచి 9 దాకా ఎక్కడుంటాడు, బట్వాడా ఎవరి చేతికి వస్తుంది, ఏ దారిలో ఇంటికెళ్తాడు, యావ పుడితే మొదట ఎవరికి ఫోన్ చేస్తాడు. మా సంఘంలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు ఉన్నారు, ఆయన వాడికి పని ఇచ్చి కూలీ మొత్తం మరదలి అకౌంట్లో వేస్తున్నారు, వాడి ఇష్టంతోనే. మేస్త్రీలకి తెలుసు, స్లాబు వేసిన రోజు ఇంటి ఓనరు పనివాళ్ళకి మందు పోయించడం ఆనవాయితీ. ఆ రోజుల్లో వాణ్ణి వేరే సైటుకి పంపిస్తారు. శనివారం సాయంత్రం ఇద్దరు బ్రదర్స్ సైటు దగ్గరికే బండి మీద వస్తారు, ముగ్గురూ మిర్చిబజ్జీలు తిని, చర్చి ఆవరణలో పాటలు ప్రాక్టీసు చేసి ఇంటి దగ్గర దింపుతారు. చూడటానికి చిన్న ఏర్పాటే. తాగేవాడి వారంలో అన్నిటికంటే ప్రమాదమైన గంటలు ఏవో తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటు అది.

వాడు ఒకసారి జారాడు. బావమరిది పెళ్ళిలో. మా మరదలు ఫోన్ చేస్తే అర్ధరాత్రి ఆ ఇద్దరూ వచ్చారు, ఒక్క మాట అనలేదు, పక్కన పడుకున్నారు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆదివారం వాడు చర్చికి రానంటే, వాడితో పాటు వాళ్ళూ వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. తర్వాతి ఆదివారం ముగ్గురూ కలిసి వెళ్ళారు. హోమ్‌లో మూడు నెలల్లో విన్న వాక్యం ఎంత పని చేసిందో ఆ రాత్రి కూడా అంతే పని చేసింది, నా లెక్కలో ఎక్కువే చేసింది.

మనుషులు కావాలని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, షాపుల మీద భరోసా పెట్టుకునే పరిస్థితి మనకి లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యం మొత్తం నిషేధించింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళ పోరాటం అంటే నాకు ఎంతో గౌరవం. కానీ షాపు ఇవాళ మూస్తారు, రేపు తెరుస్తారు, మధ్యలో మా తమ్ముడు లాంటివాడు ఆ షాపు ముందు నుంచి రోజూ ఇంటికి నడవాలి. పక్కన ఎవరో ఒకరు నడవాలి.

ఖర్చు: మేం నెలకు 8,000 కట్టాం, మందులు వేరే. కట్టలేనివాళ్ళకి తగ్గిస్తారు, కూలిపని చేసుకునే కుటుంబాల దగ్గర చాలా తక్కువే తీసుకున్నట్టు తెలుసు. రసీదు ఇస్తారు. కానుక ఇమ్మని ఒత్తిడి చెయ్యలేదు.

ఎవరికి సరిపోతుంది: ఆసుపత్రిలో వణుకు తగ్గించుకుని, తన ఇష్టంతో వచ్చేవాళ్ళకి, ఇంట్లో ఒక్కరైనా కూడికలకి రాగలిగినవాళ్ళకి. లేనివి వినిపిస్తున్నా, చచ్చిపోతానని మాట్లాడుతున్నా, లివర్ బాగా దెబ్బతిన్నా ఇక్కడికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఎవర్ని అడగాలో తెలియకపోతే వ్యసనాలకి సంబంధించి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది, మనసు బాగోనప్పుడు టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

చేర్పించేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి: ఆధార్ జిరాక్సు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, వాడుతున్న మాత్రల చీటీ, నాలుగు జతల బట్టలు, దుప్పటి, దోమతెర. దోమతెర తప్పకుండా, పక్కనే పంటకాలవ ఉంది. మీ సంఘంలోంచి శనివారాలు రాగలిగిన ఇద్దరు మనుషుల్ని కూడా ఆ రోజే వెంటబెట్టుకెళ్ళి పాస్టర్ గారికి పరిచయం చెయ్యండి.